ఆపడమా, అందించడమా: డమ్మీ హక్కు ఎక్కడిదాకా?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ నుంచి వచ్చిన ఆటగాళ్ళకూ, సాయంత్రం డైరెక్టర్లుగా, అంటే తీర్పరులుగా, నిలబడబోయే మిత్రులకూ నమస్కారం.

జరగబోయే పొరపాటును ఎవరు ఆపవచ్చు? డూప్లికేట్ బ్రిడ్జ్ అనే పేకాట 2017 నిబంధనల్లో 9వది డమ్మీతో (ముక్కలు బల్ల మీద పరిచేసి కూర్చునే ఆటగాడితో) సహా ఏ ఆటగాడైనా ప్రయత్నించవచ్చంటుంది. 43వది మాత్రం ఆట సంగతి ఏదీ డమ్మీ తన జోడీ డిక్లేరర్‌కు (తన ముక్కలతో పాటు డమ్మీ ముక్కలూ ఆడించేవారికి) చేరవేయకూడదంటుంది. మరి డమ్మీ నోట "లీడ్ (మొదటి ముక్క వేసే వంతు) మీ చేతిలో ఉందండీ" అన్న మాటను దేని కింద వేయాలి? ఎప్పుడన్నారో చూసి తేల్చాలి.

గత ట్రిక్కు (నలుగురూ తలో ముక్క వేసే చుట్టు) డిక్లేరర్ చేతిలో గెలిచారనుకోండి. గెలిచిన చేతి నుంచే తర్వాతి లీడ్ రావాలి. ఆయన డమ్మీ ముక్కల వైపు చూస్తూ నోరు తెరవబోతున్నారు. అప్పుడు డమ్మీ హెచ్చరించవచ్చు. "డైమండ్" అనేశాక కుదరదు. అంకె చెప్పలేదు కదా అని వాదిస్తారు, రోజూ వినే వాదనే. కానీ 46వ నిబంధన ప్రకారం సూట్ (డైమండ్, కళావరు లాంటి రంగు) ఒక్కటే చెబితే అందులో అన్నిటికంటే చిన్న ముక్క అడిగినట్టే. తప్పు చేతి నుంచి లీడ్ పడిపోయింది. 55 కింద దాన్ని ఒప్పుకోవాలో, వెనక్కి తీయించాలో డిఫెండర్ల (ప్రత్యర్థి జోడీ) ఇష్టం. డమ్మీ గోల చేసి ముక్క వెనక్కి వెళ్ళినా, డైరెక్టర్ ఆ ఎంపికను డిఫెండర్లకే తిరిగి ఇవ్వాలి.

ప్రతి ట్రిక్కు తర్వాతా లీడ్ ఎక్కడుందో "చేతిలో", "ఇక్కడ" అంటూ పాడే డమ్మీలున్నారు. పొరపాటు ఛాయే లేనప్పుడు అది ఆపడం కాదు, లెక్క అందించడం. నేనైతే మొదటిసారి మందలిస్తాను, రెండోసారి పెనాల్టీ వేస్తాను. అడక్కుండా ముక్క మీద వేలు పెట్టడం 45వ నిబంధనకు నేరుగా విరుద్ధం.

డిక్లేరర్ సూట్ ఫాలో కాకపోతే (లీడైన సూట్ ముక్క వేయకపోతే) "కళావరు లేవా?" అని డమ్మీ అడగవచ్చు. డిఫెండర్‌ను అడగకూడదు. డిఫెండర్లు ఒకరినొకరు అడగవచ్చు గాని, గొంతులో ఆశ్చర్యం పలికితే పార్ట్‌నర్‌కు అక్రమ సమాచారం అందినట్టే. రివోక్ చేసిన (ఆ సూట్ ఉండీ వేయని) పక్షం తర్వాతి ట్రిక్కుకు ముక్క వేయగానే అది ఖాయమవుతుంది. తప్పు చేసినవారే ఆ ట్రిక్కు గెలిచి, వారి పక్షం తర్వాత ఇంకొకటైనా గెలిస్తే రెండు ట్రిక్కులు పోతాయి. మామూలుగా ఒకటి. ఖాయమయ్యాక డమ్మీ ఆట ముగిసేదాకా నోరు మూసుకోవాలి.

మన టేబుళ్ళ మీద ఇంకో చిక్కుంది. డమ్మీ తెలుగులో ఏదో అంటే, ఒడియా మాట్లాడే ప్రత్యర్థికి అది హెచ్చరికో సలహానో తెలియదు. అందరికీ అర్థమయ్యే ఒకే మాట వాడమని ఆట మొదలయ్యే ముందే చెప్పండి.

డైరెక్టర్‌ను పిలిస్తే ముందు డిక్లేరర్ ఏమన్నారు, తర్వాత డమ్మీ ఏమన్నారు, ఈ వరుసలో విడివిడిగా అడగండి. రెండూ ఒకేసారి వచ్చాయంటే సందేహం మిగిలినట్టు. 84వ నిబంధన ప్రకారం సందేహం తప్పు చేయని పక్షానికి లాభించాలి.

డమ్మీ కుర్చీ వదిలి డిక్లేరర్ ఆట చూడ్డానికి వెళ్ళినా, తనంతట తాను డిఫెండర్ ముక్కలు చూసినా హెచ్చరించే ఈ వెసులుబాటు తగ్గిపోతుంది. ఆ తర్వాత తప్పు చేతి నుంచి లీడ్ చేయకుండా హెచ్చరిస్తే, ఏ చేతి నుంచి లీడ్ రావాలో డిఫెండర్లలో ఎవరైనా నిర్ణయించవచ్చు.