పార్కు ఉత్సవాల్లో ముందుగా చూడవలసింది నేల

నమస్కారం. పబ్లిక్ పార్కులో ఏటా జరిగే ఉత్సవానికి ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఒకే వీధిలో ఉంటూ ఎన్నడూ పలకరించుకోని కుటుంబాలు అక్కడ మాటలు కలుపుతాయి. అందుకే ఇలాంటి వేడుకలు ఆగకూడదని మనస్ఫూర్తిగా కోరుకుంటాను. అయితే వేదిక, దీపాలు, మైకుల కోసం నెలల ముందు నుంచే ఆలోచించే నిర్వాహకులు, అంత జనాన్ని మోయవలసిన నేలను చివరి వారం దాకా తలచుకోకపోవడం నన్ను బాధిస్తోంది.

మంచి మట్టిలో రేణువుల మధ్య సన్నని ఖాళీలుంటాయి. గాలి, నీరు వేళ్లకు చేరేది వాటి గుండానే. లారీలు తిరిగి, జనం పదేపదే తొక్కిన చోట ఆ ఖాళీలు మూసుకుపోయి నేల గట్టిపడుతుంది, వాన నీరు ఇంకక పైనే నిలుస్తుంది, గడ్డి చచ్చిపోతుంది. గడ్డినైతే మళ్లీ నాటవచ్చు. చెట్టు సంగతి వేరు. నీటిని పీల్చే సన్నని వేళ్లలో ఎక్కువ భాగం పైపొరలోనే ఉండి, కొమ్మల అంచును దాటి కూడా విస్తరిస్తాయి కనుక, ఈ ఏడాది చెట్టు కింద నిలిపిన లారీ వల్ల కలిగిన హాని కొన్నేళ్ల తరువాత ఎండుకొమ్మల రూపంలో బయటపడవచ్చు.

తడిసిన నేలకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. 2023 సెప్టెంబరులో న్యూయార్క్ సెంట్రల్ పార్కులోని గ్రేట్ లాన్‌పై వర్షంలోనే ఒక సంగీతోత్సవం జరిగాక, పాడైన పచ్చికను బాగుచేయడానికి ఆ మైదానాన్ని 2024 ఏప్రిల్ వరకు మూసి ఉంచవలసి వచ్చింది. ఒక్క సాయంత్రం కోసం అన్ని నెలలు జనానికి ఆ చోటు లేకుండా పోయింది.

జాగ్రత్తపడిన సందర్భాలూ ఉన్నాయి. ఏటా జరిగేది కాకపోయినా, 1851లో లండన్ హైడ్ పార్కులో జరిగిన వివిధ దేశాల పారిశ్రామిక వస్తువుల మహా ప్రదర్శన అందుకు ఉదాహరణ. అక్కడి పెద్ద ఎల్మ్ చెట్లను నరకవద్దని ప్రజలు గట్టిగా కోరడంతో, ఆ ప్రదర్శనకు గాజు భవనాన్ని రూపొందించిన జోసెఫ్ పాక్స్టన్ దానికి ఎత్తైన కమాను కప్పు చేర్చి, చెట్లను లోపలే నిలిపాడు.

వార్షికోత్సవాలకు అంత ఖర్చు అక్కరలేదు. వేదికను సిమెంటు నేలపై వేసి, చెట్ల చుట్టూ దూరంగా కంచె కట్టి, బండ్లు నడిచే దారిలో పలకలు పరిస్తే చాలా మేలు జరుగుతుంది. భారీ వాన పడితే కార్యక్రమాన్ని జరపవలసిన మరో తేదీని అనుమతి పత్రంలోనే రాయాలి. పందిళ్లు వేసి విప్పే రోజులు ఉత్సవం కంటే ఎక్కువగా ఉంటాయి కనుక, ఏయే భాగం ఎప్పటి వరకు మూసి ఉంటుందో, రోజూ నడకకు వచ్చేవారికి గేటు వద్దే ముందుగా తెలియజేయాలి. నిర్వాహకులు కట్టిన ధరావతును, పార్కు సిబ్బంది నేలను పరిశీలించి బాగుందని సంతకం చేసిన తరువాతే తిరిగి ఇవ్వాలి.