అరికాలి మీద నల్లమచ్చ: డెర్మోస్కోప్‌తో చూడటం ఎలా?

నమస్తే. చెన్నైలో డెర్మటాలజీ పీజీ చేస్తున్న మన తెలుగు పిల్లలు నన్ను తరచూ అడిగే మాట ఒకటుంది. "మేడమ్, స్కిన్ క్యాన్సర్‌లో కెరీర్ కావాలంటే విదేశాలకు పోవాల్సిందేనా? ఇక్కడ కేసులేవీ?" అని. ఇదే చెన్నైలో, అడయార్‌లో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది 1954లో. అంటే ఇన్నేళ్లుగా ఇక్కడికి క్యాన్సర్ రోగులు వస్తూనే ఉన్నారు. కేసులు లేక కాదు, మనం చెప్పులు విప్పించి చూడం.

మనవాళ్లలో మెలనోమా, అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్, అరుదే. కానీ వస్తే చాలావరకు అరికాలు, అరచేయి, గోరు కింద వస్తుంది. అక్కడ ఎండ ప్రభావం పెద్దగా ఉండదు. 1985లో న్యూయార్క్ డాక్టర్లు చెప్పిన ఏబీసీడీ పద్ధతిని (మచ్చ ఆకారం, అంచు, రంగు, సైజు చూడటం) పరీక్ష కోసం కంఠతా పట్టండి, అరికాలి దగ్గర మాత్రం దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి. నెల్లూరు నుంచి వచ్చిన పెద్దాయన "ఆనెకాయేనమ్మా, చెప్పు ఒరుసుకుంది" అంటారు. ఆ మాట కేస్ షీటులో రాసుకోండి. తర్వాత మీ కళ్లతో మీరు చూడండి.

మచ్చను స్పిరిట్‌తో తుడిచి, కాస్త అల్ట్రాసౌండ్ జెల్ రాసి డెర్మోస్కోప్ (చర్మాన్ని పెద్దదిగా చేసి చూపే లైటున్న లెన్సు) ఆనించండి. గట్టిగా నొక్కొద్దు. స్క్రీన్ మీద చూశారా, దున్నిన చేనులాగా చాళ్లు, గట్లు! రంగు చాళ్లలో ఉంటే సాధారణంగా మామూలు పుట్టుమచ్చే. గట్ల మీద పరుచుకుని ఉంటే మెలనోమాని అనుమానించాలి. ఏది గట్టో తెలియడం లేదా? గట్టు నడుమ వరసగా తెల్లటి చుక్కలుంటాయి, అవి చెమట రంధ్రాలు. అప్పటికీ తేలకపోతే జెల్ తుడిచేసి, కాస్త సిరా పూసి, పైపైన తుడవండి. సిరా చాళ్లలోనే నిలుస్తుంది. ఇంత ఖరీదైన పరికరానికి చివరికి సిరానే దిక్కు!

ఒక తిరకాసుంది. చర్మం పైపొరలో రక్తం గడ్డకట్టినా గట్ల మీదే కనిపిస్తుంది. 15వ నంబరు బ్లేడుతో పైపొరను పల్చగా చెక్కండి. రక్తమైతే ఆ పొరతోనే ఊడిపోతుంది. అలా పోయినా, అడుగున మళ్లీ ఒకసారి డెర్మోస్కోప్ పెట్టి చూడండి.

అనుమానం గట్టిగా ఉంటే షేవ్ బయాప్సీ (పరీక్ష కోసం మచ్చను పైపైన గీకి తీయడం) జోలికి పోవద్దు. వీలైతే మచ్చ మొత్తాన్నీ, చుట్టూ 1 నుంచి 3 మిల్లీమీటర్ల మంచి చర్మంతో సహా, కింద కొవ్వు దాకా తీయాలి. గడ్డ ఎంత లోతుకు దిగిందో మిల్లీమీటర్లలో కొలవాలని 1970లో బ్రెస్లో అనే పాథాలజిస్టు చూపించారు. రోగి ముందుముందు ఎలా ఉంటారు, సర్జన్ ఎంత వెడల్పు కోయాలి అన్నవి చాలావరకు ఆ కొలతను బట్టే ఉంటాయి. పైపైన గీకి పంపితే పాథాలజిస్టు మాత్రం ఏం కొలుస్తారు, చెప్పండి?

ఇక కెరీర్ సంగతి. ప్రతి మచ్చకూ రోగి అనుమతి తీసుకుని, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. డెర్మోస్కోప్ బొమ్మ, బయాప్సీ నంబరు ఒకే ఫైల్లో పెట్టండి. ట్యూమర్ బోర్డుకి (క్యాన్సర్ కేసుల్ని వేర్వేరు విభాగాల డాక్టర్లు కలిసి చర్చించే మీటింగ్) వెళ్లి వెనక బెంచీలోనైనా కూర్చోండి. మూడేళ్ల ఎండీలో థీసిస్ టాపిక్ కోసం టెన్షన్ పడక్కర్లేదు, ఆ ఫైల్లోంచే వస్తుంది.

గోరు మీద నల్లచార ఉండి, ఆ రంగు గోరు మొదట్లో చర్మం మీదికి పాకితే ఏం చేయాలో వచ్చే వీడియోలో చూద్దాం.