12న ఉత్తరం, 19న ప్రకటన

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. చెన్నై మైలాపూరులో రాయపేట హైరోడ్డు 126వ నంబరు ఇల్లు 1952లో బులుసు సాంబమూర్తి గారిది. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు ఆహారం ముట్టకుండా ప్రాణం విడిచింది ఆ ఇంట్లోనే. ఈ నగరంలో ఏళ్ల తరబడి చరిత్ర పాఠాలు చెప్పిన మాస్టారు ఈరోజు మనతో ఉన్నారు. మాస్టారూ, ఆ దీక్షను మీరు పిల్లలకు ఎలా చెప్పేవారు?

మాస్టారు: తేదీలతో మొదలుపెట్టేవాణ్ణమ్మా. దీక్ష అక్టోబరు 19న మొదలైంది. డిసెంబరు 3న, అంటే 46వ రోజున, ప్రధాని నెహ్రూ మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీకి ఉత్తరం రాస్తూ, ఏదో నిరాహార దీక్ష గురించి తనకు తంతులు, అంటే టెలిగ్రాములు, వస్తున్నాయనీ, తాను ఏమాత్రం చలించలేదనీ, దాన్ని పూర్తిగా పట్టించుకోకుండా ఉండదలచాననీ తెలిపారు. తొమ్మిది రోజులు గడిచాక, డిసెంబరు 12న, ఆంధ్రుల కోరికను అంగీకరించే సమయం వచ్చిందని అదే రాజాజీకి ఆయనే రాశారు. 15వ తేదీ రాత్రి శ్రీరాములు గారు కన్నుమూశారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు చేస్తామన్న ప్రకటన 19న వెలువడింది.

వ్యాఖ్యాత: అంటే 12వ తేదీకే ఆయన మనసు మారింది.

మాస్టారు: మారింది. కానీ మారిన మనసు ఉత్తరంలోనే ఉండిపోయింది, మంచం మీద ఉన్న మనిషికి అది చేరలేదు. నాకు బాధ కలిగించేది అదే. నెహ్రూ సంకోచానికి ఆధారం లేదని నేను అనను. దేశ విభజన జరిగి అయిదేళ్లే అయింది, భాష పేరుతో మళ్లీ గీతలు గీస్తే దేశం ఏమవుతుందోనన్న భయం నిజమైనదే. అయితే ఆ భయాన్ని ప్రజల ముందు ఉంచి గడువు చెప్పి ఉండవలసింది. 1951లో ఇదే కోరికతో స్వామి సీతారాం 35 రోజులు దీక్ష చేసి, వినోబా భావే మాట మీద విరమించారు. ఆ తరువాత ఏడాదిపాటు ఏమీ కదలలేదు. అది చూసినవారికి మరో హామీ మీద నమ్మకం ఎలా కుదురుతుంది?

వ్యాఖ్యాత: మద్రాసు నగరం మాకే కావాలని పట్టుబట్టడం వల్లనే ఆలస్యమైందని మా ఇంట్లో పెద్దలు అనేవారు.

మాస్టారు: అందులో నిజముందమ్మా. నెహ్రూ, పటేల్, పట్టాభి సీతారామయ్య సభ్యులుగా ఉన్న కాంగ్రెస్ సంఘం 1949లోనే, నగరం మీద పట్టు వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రం సాధ్యమని చెప్పింది. చివరకు మనకు దక్కినదీ నగరం లేని రాష్ట్రమే. కాబట్టి మన నాయకులు కూడా, ఏది విడిచిపెట్టగలమో ఏది విడిచిపెట్టలేమో ప్రజలకు ముందే స్పష్టంగా చెప్పవలసింది. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన తెలుగువాడిగా ఈ మాట అనడం నాకు తేలిక కాదు. శ్రీరాములు గారు పుట్టిందీ ఈ నగరంలోనే.

వ్యాఖ్యాత: ఆయన మరణవార్త తరువాత ఆంధ్ర ప్రాంతమంతా అట్టుడికింది కదా?

మాస్టారు: రైళ్లు ఆగిపోయాయి, పోలీసు కాల్పుల్లో మరికొందరు చనిపోయారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం ఏర్పడి, టంగుటూరి ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి అయ్యారు. ఆ పండుగ సంగతి పిల్లలు తమంతట తాము చదువుకునేవారు. నేను మాత్రం నల్లబల్ల మీద 12, 15 అని రాసి, మధ్యలో ఖాళీ వదిలి, ఆ మూడు రోజుల్లో ఢిల్లీ నుంచి రావలసిన తంతి రాయమనేవాణ్ణి. ఒక సంవత్సరం ఒక అమ్మాయి రెండే వాక్యాలు రాసింది: "మీ కోరిక ఒప్పుకున్నాం. దయచేసి నిమ్మరసం తీసుకోండి." ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.