రెండు తేదీల చరిత్ర

శ్రోతలకు నమస్కారం.

1945 తర్వాతి ప్రపంచ చరిత్ర చదివేవాళ్లు ప్రతి సంఘటన పక్కనా రెండు తేదీలు రాసుకోవాలంటాను. అది జరిగిందెప్పుడు, బయటపడిందెప్పుడు. ఈ కాలపు నాయకులు తమ కథ తామే రాసి అచ్చేయించారు. అసలు కాగితాలు మాత్రం చాలా ఏళ్లు తాళం వేసిన బీరువాల్లోనే ఉండిపోయాయి.

క్యూబా క్షిపణుల సంక్షోభాన్నే తీసుకోండి. 1962 అక్టోబరులో సోవియట్ యూనియన్ క్యూబాలో అణు క్షిపణులు పెడుతోందని అమెరికా గూఢచారి విమానం తీసిన ఫొటోల్లో తేలింది. అమెరికా అధ్యక్షుడు కెనడీ ఆ ద్వీపం చుట్టూ యుద్ధనౌకలు మోహరించారు. 28వ తేదీన, క్షిపణులు వెనక్కి తీసుకుంటున్నామన్న సోవియట్ నేత క్రుశ్చేవ్ లేఖను మాస్కో రేడియోలో చదివారు. రాయబారుల ద్వారా పంపితే చేరడానికి గంటలు పట్టేది. అంత టెన్షన్‌లో వాళ్లు నమ్ముకున్నది రేడియోనే! రేడియోలో మాట్లాడుతూ ఈ ముక్క చెప్పకుండా ఎలా ఉంటాను?

చాలాకాలం లోకానికి తెలిసిన కథ ఇంతే. కెనడీ బెదరలేదు, క్రుశ్చేవ్ వెనక్కి తగ్గారు.

కానీ ముందురోజు సాయంత్రం అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెనడీ సోవియట్ రాయబారి దొబ్రినిన్‌ను పిలిపించుకున్నారు. టర్కీలో ఉన్న మా జూపిటర్ అణు క్షిపణులు కొన్ని నెలల్లో తీసేస్తాం, అయితే సంగతి బయటికి పొక్కకూడదు అన్నారు. 1963 ఏప్రిల్‌కల్లా తీసేశారు కూడా. రాబర్ట్ జ్ఞాపకాలు ఆయన పోయాక 1969లో పుస్తకంగా వచ్చాయి. అందులో ఈ బేరం సూటిగా కనబడదు. రాబర్ట్ డైరీలో ఉన్నదాన్ని పుస్తకంలోకి రాకుండా తానే సవరించానని అధ్యక్షుడు కెనడీ సలహాదారు సోరెన్‌సెన్ 1989లో, ఈ సంక్షోభం మీద మాస్కోలో జరిగిన సమావేశంలో ఒప్పుకున్నారు. ఈలోగా, గట్టిగా నిలబడితే ఎదుటివాడే దిగొస్తాడని ఎంతమంది నేతలు తప్పుడు పాఠం నేర్చుకున్నారో!

యుద్ధరంగంలో వాడే చిన్న అణ్వాయుధాలు కూడా అప్పటికే క్యూబా చేరాయని 1992లో హవానా సమావేశంలో బయటపడింది. దాడి చేద్దామని కెనడీని తొందరపెట్టిన సేనానులకు ఆ ఊసే తెలియదు. అన్నట్టు, సందేశాలు నేరుగా పంపుకోడానికి 1963లో వాషింగ్టన్, మాస్కోల మధ్య పెట్టిన హాట్‌లైన్, సినిమాల్లో చూపించే ఎర్ర ఫోను కాదు, సందేశాన్ని అచ్చు వేసి ఇచ్చే టెలిప్రింటర్.

ఇంకో పని కూడా చేయండి. ఒకే నెలలో జరిగినవాటిని పక్కపక్కన పెట్టి చదవండి. అదే అక్టోబరు 20న చైనా సేనలు హిమాలయాల్లో భారత్ మీద దాడికి దిగాయి. పాఠ్యపుస్తకాల్లో ఈ రెండూ వేర్వేరు అధ్యాయాలు. సోవియట్ పత్రిక ప్రావ్దా మాత్రం రెండింటినీ కలిపే చూసింది. క్యూబా గొడవలో చైనా తోడు కావాలి కాబట్టి 25న సంపాదకీయంలో చైనా వాదనకే వంత పాడింది. మాస్కో మీద ఢిల్లీ పెట్టుకున్న ఆశకు అది పెద్ద దెబ్బే. క్యూబా గండం గడిచాక, నవంబరు మొదట్లో, అదే పత్రిక చైనా పక్షం వదిలేసి, ఇద్దరూ కాల్పులు ఆపి మాట్లాడుకోమని రాసింది.