మోకాలి కట్టుతో మొదలైన కోచింగ్: ప్యాట్ సమిట్ తొలి రోజులు

సభకు నమస్కారం.

కాలేజీ జట్టులో ఆట ముగించిన కొద్ది నెలలకే ఒక పెద్ద విశ్వవిద్యాలయ జట్టు బాధ్యత నెత్తిన పడితే, ఎవరూ నేర్పని ఆ విద్యను మనిషి ఎక్కడ నేర్చుకుంటుంది? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు అమెరికాకు చెందిన ప్యాట్ సమిట్ గుర్తుకు వస్తారు. టెన్నెసీ విశ్వవిద్యాలయ మహిళా బాస్కెట్‌బాల్ జట్టుకు 38 సీజన్లు కోచ్‌గా ఉండి 1,098 విజయాలు, 8 జాతీయ టైటిళ్లు సాధించిన ఆమె పేరు ఈ సభలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆ టైటిళ్ల కథ మీరు ఎక్కడైనా చదువుకోవచ్చు కనుక, నేను ఎక్కువసేపు ఆమె మొదటి రెండేళ్ల దగ్గరే ఆగుతాను.

ఆమె 1952లో టెన్నెసీలోని ఒక రైతు కుటుంబంలో పుట్టారు. పొలం పనులు అయ్యాక గడ్డి అటక మీద అన్నలతో బంతి ఆడుతూ పెరిగారు. ఉన్న ఊళ్లోని హైస్కూల్లో అమ్మాయిలకు జట్టు లేదని తల్లిదండ్రులు జట్టున్న ఊరికి కాపురం మార్చారంటే, ఆ ఇంట్లో ఆటకు ఎంత విలువ ఇచ్చారో ఊహించండి. టెన్నెసీ విశ్వవిద్యాలయపు మార్టిన్ క్యాంపస్‌లో ఆమె కాలేజీ ఆట ఆడేనాటికి మహిళా క్రీడాకారులకు స్కాలర్‌షిప్పులు లేవు. విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధించిన ‘టైటిల్ నైన్’ చట్టం 1972లో వచ్చినా దాని ఫలితం మైదానం దాకా చేరడానికి ఇంకా సమయం పట్టింది. చివరి ఏడాదిలో, 1974 జనవరిలో, ఆమె మోకాలి లిగమెంట్ తెగిపోయింది. ఆ రోజుల్లో అటువంటి గాయం తర్వాత మళ్లీ కోర్టులోకి రావడం చాలా అరుదు.

పీజీ చదువుతూ అసిస్టెంట్‌గా పనిచేద్దామని ఆమె టెన్నెసీ విశ్వవిద్యాలయ ప్రధాన క్యాంపస్ ఉన్న నాక్స్‌విల్‌కు వచ్చారు. అంతలో అక్కడి ప్రధాన కోచ్ సెలవుపై వెళ్లడంతో ఆ పదవి 22 ఏళ్ల ఈ అమ్మాయికే దక్కింది. జీతం నెలకు 250 డాలర్లు. క్రీడాకారిణుల్లో కొందరు ఆమె కంటే ఏడాది మాత్రమే చిన్నవారు. అంతకుముందు ఏడాది డోనట్లు అమ్మిన డబ్బుతో కొన్న యూనిఫాంలను తానే ఉతికేవారు, జట్టును తీసుకెళ్లే వ్యాన్‌ను తానే నడిపేవారు. ఒకవైపు పాఠాలు చెబుతూ, ఇంకోవైపు తన పీజీ పాఠాలు చదువుకుంటూ, మిగిలిన సమయంలో 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ కోసం ఆ మోకాలిని బాగుచేసుకునేవారు. మొదటి ఎంపికల నాడు ఆమె చేయించిన పరుగులకు తాళలేక కొందరు అమ్మాయిలు పరుగెత్తుతూనే తలుపు దాటి, మెట్లెక్కి వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు. తొలి మ్యాచ్‌లో జట్టు ఒకే ఒక్క పాయింటు తేడాతో, 83–84తో, మెర్సర్ విశ్వవిద్యాలయం చేతిలో ఓడింది.

ఆ కాఠిన్యాన్ని కొందరు తప్పుపడతారు. నాకు మాత్రం అది తన శరీరాన్ని తాను ఏ కొలతతో కొలుస్తున్నారో అదే కొలతతో ఇతరులనూ కొలిచిన ఒక క్రీడాకారిణి పద్ధతిగా కనిపిస్తుంది. 1976లో మహిళల బాస్కెట్‌బాల్ ఒలింపిక్స్‌లో తొలిసారి ప్రవేశించినప్పుడు ఆమె అమెరికా జట్టులో ఆడి రజతం గెలిచారు; 1984లో కోచ్‌గా స్వర్ణం గెలిపించారు.

ఆడిన అనుభవం శిక్షణకు ఎలా పనికొస్తుందో చెప్పడానికి ఇంకొక ఉదాహరణ. టెన్నెసీ హైస్కూళ్లలో అప్పట్లో అమ్మాయిలు ఆరుగురు చొప్పున ఆడేవారు: ముగ్గురు గోల్ చేసేవారు, ముగ్గురు అడ్డుకునేవారు, సగం గీత దాటడానికి ఎవరికీ వీల్లేదు. తానూ అలాగే ఆడి వచ్చిన ప్యాట్, ఆ పద్ధతిలో పెరిగిన పిల్లలకు కాలేజీలో సగం ఆట కొత్తగా నేర్పవలసి వస్తోందని బహిరంగంగా వాదించారు. 1979లో నియమం మారింది.

మన యూనివర్సిటీ జట్లలో ఆడిన అమ్మాయిలు పటియాలాలో కోచింగ్ డిప్లొమా చేద్దామా, బ్యాంకు పరీక్ష రాద్దామా అని తర్జనభర్జన పడుతున్నప్పుడు నేను వారికి మరొక్క సంగతి కూడా చెబుతుంటాను: టెన్నెసీలో తన దగ్గర పూర్తికాలం ఆడిన ప్రతి అమ్మాయీ డిగ్రీ పట్టాతోనే బయటికి వెళ్లేలా ఆమె చూశారు.

2011లో, 59 ఏళ్ల వయసులో, తనకు అల్జీమర్స్ తరహా మతిమరుపు వ్యాధి వచ్చిందని ఆమె స్వయంగా ప్రకటించారు. ఆ తర్వాత ఇంకొక సీజన్ బెంచీ మీద కూర్చున్నారు. మ్యాచ్ నడిపే భారం చాలావరకు సహాయకులు మోశారు. వారిలో ముందున్న హోలీ వార్లిక్, 1970లలో ఆమె శిక్షణలోనే పాయింట్ గార్డుగా, అంటే కోర్టులో ఆటను నడిపించే స్థానంలో, ఆడిన అమ్మాయి. 2012 ఏప్రిల్‌లో ప్యాట్ తప్పుకున్నాక ఆ కుర్చీలో కూర్చున్నది హోలీయే.