చపాతీ మానకముందే పరీక్షకు రక్తం ఇవ్వండి

అధ్యక్షులవారికి, విశ్రాంత ఉద్యోగుల సంఘం మిత్రులకు నమస్కారం. శాలువా తర్వాత కప్పుదురుగాని, నాకు ఇచ్చినవి పది నిమిషాలే. 'జీర్ణకోశ ఆరోగ్యం' మీద మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్లు ల్యాబ్‌లో రక్తం పరీక్షించినవాణ్ణి, నాకు తెలిసింది యాంటీబాడీలు, అంటే ఒళ్లు తయారుచేసుకునే రక్షక ప్రోటీన్లు. అదే చెబుతాను.

మా మేనకోడలికి ఐబీఎస్, అంటే పేగు చికాకు జబ్బు. కడుపునొప్పి, విరేచనాలు. ఎవరో చెబితే ఒక ల్యాబ్‌లో రెండు వందల ఆహారాలకు ఐజీజీ పరీక్ష చేయించుకుంది. పన్నెండు పేజీల రిపోర్టు! మానాలని ఎర్రరంగులో బియ్యం, కందిపప్పు, పెరుగు, గోధుమ, చింతపండు. తినొచ్చని ఆకుపచ్చలో సాల్మన్ చేప, ఆలివ్ కాయ. ఆ పిల్ల జన్మలో వాటిని చూడలేదు!

ఐజీజీ అనే యాంటీబాడీ మన ఒంటి హాజరుపట్టీ అండీ. ఏ ఆహారం వచ్చి వెళ్లిందో రాసుకుంటుంది, అంతే. హాజరుపట్టీలో సంతకం ఉన్నవాళ్లందరూ దొంగలేనని తేలిస్తే మన ఆఫీసుల్లో ఎవరు మిగిలేవారు? ఈ పరీక్షను నమ్మి ఆహారం మానవద్దని అమెరికా, ఐరోపా అలర్జీ నిపుణుల సంఘాలు ఎప్పుడో చెప్పాయి. పిల్ల మాత్రం ఎనిమిది నెలలు పప్పు ముట్టలేదు. చేతి గాజులు మోచేతి దాకా జారేవి.

అలాగని అన్ని యాంటీబాడీ పరీక్షలూ దండగ కాదు. సీలియాక్ అని ఒక జబ్బుంది. గోధుమలోని గ్లూటెన్ అనే ప్రోటీన్ తగిలితే ఒళ్లు తన పేగు మీదే దాడికి దిగుతుంది. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో రొట్టె కరవైతే ఈ జబ్బున్న పిల్లలు తేరుకున్నారని, రొట్టె మళ్లీ దొరికాక మంచం పట్టారని డికే అనే వైద్యుడు గమనించాడు. దక్షిణాదిన ఈ జబ్బు ఉత్తరాది కంటే బాగా తక్కువ. అయినా విరేచనాల ఐబీఎస్ అన్నప్పుడు సీలియాక్‌ను పట్టే టీటీజీ ఐజీఏ అనే యాంటీబాడీ పరీక్ష ఒకసారి చేయించాలి. దాంతోపాటు ఐజీఏ రకం యాంటీబాడీలు మొత్తం ఎంతున్నాయో కూడా. కొందరి ఒంట్లో ఐజీఏనే ఉండదు, వాళ్లకు జబ్బున్నా రిపోర్టు నెగెటివ్ అంటుంది.

వెనక వరుసవారూ, ఇది వినండి! ఈ పరీక్ష గోధుమ తింటున్నప్పుడే చేయించాలి. మానేస్తే యాంటీబాడీలు తగ్గిపోతాయి. మా పిల్ల గోధుమ మానేసిన ఎనిమిదో నెలలో చేయించింది. నెగెటివ్. ఆ కాగితానికి విలువ లేదు. డాక్టరు ఆరు వారాలు మళ్లీ చపాతీలు, ఉప్మా తినిపించారు. ఉప్మా రవ్వ కూడా గోధుమేనండీ, మరిచిపోతాం. రోజూ కడుపు పట్టుకుని తిన్నది. మళ్లీ పరీక్షిస్తే నెగెటివే, ఈసారి నమ్మదగ్గ నెగెటివ్.

గంట కొట్టారు, కూర్చుంటాను. ఆ పన్నెండు పేజీలూ బల్ల మీద పెట్టాను, వెళ్లేటప్పుడు చూడండి. చింతపండు తొమ్మిదో పేజీలో ఉంది.