మోటుపల్లి రేవు దాకా నడక

శ్రోతలకు నమస్కారం.

సంక్రాంతి సెలవుల్లో నేనూ మా అన్నయ్యా వేటపాలెం దగ్గరి రామాపురం బీచ్ నుంచి సముద్రం ఒడ్డునే దక్షిణంగా మోటుపల్లికి నడిచాం. చీకటితోనే బయల్దేరాం. పొడి ఇసుకలో కాలు దిగబడి పది అడుగులకే పిక్కలు లాగేస్తాయి. కెరటం తడిపి వెళ్లిన చోట నేల గట్టిగా ఉంటుంది, నడవాల్సింది అక్కడే. ఎడమచేతి వైపు సముద్రం, కుడివైపు సరుగుడు తోటలు. ఎండ్రకాయలు బొరియ తవ్వి పైకి నెట్టిన ఇసుక ఉండలు శనగగింజల్లా కాళ్ల కింద నలిగాయి.

మోటుపల్లికి కాస్త ఇవతల ఒక పడవ పక్కకి ఒరిగి ఉంది. అడుగు పగిలిపోయింది. "తుఫానుకి ఒడ్డుకు కొట్టేసిందమ్మా. వల కూడా సగమే మిగిలింది" అన్నాడు ఆ సగం వలే బాగుచేసుకుంటున్న పెద్దాయన.

ఆ మాట చెవిలో ఉండగానే ఊళ్లోకి వెళ్లాం. బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో మోటుపల్లి ఇప్పుడు మామూలు పల్లెటూరు. కాకతీయుల కాలంలో మాత్రం పెద్ద ఓడరేవు. 13వ శతాబ్దం చివర్లో మార్కో పోలో ఈ సీమను ముత్ఫిలి అని రాశాడు. ఇక్కడి బట్టలు సాలెగూడంత పల్చగా ఉంటాయన్నాడు. పక్కనే చీరాల, వేటపాలెం మగ్గాల చప్పుడు విన్నవాళ్లకి ఆ మాట అతిశయం అనిపించదు. ఏలుతున్న రాణిని తెగ మెచ్చుకున్నాడు గానీ, చనిపోయిన రాజుకి భార్య అనుకున్నాడు. నిజానికి రుద్రమదేవి గణపతిదేవుడి కూతురు.

ఆ గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం వీరభద్రస్వామి గుడిలో రాతి స్తంభం మీద ఉంది. ఎదురుగా చూస్తే అక్షరాలు ఆనవు. అన్నయ్య ఫోన్ లైటు పక్కనుంచి ఏటవాలుగా పట్టాడు. గీతల్లో నీడ నిండి ఒక్కో అక్షరం పైకి లేచింది. నాకు ఒళ్లు జలదరించింది.

దాని సారాంశం ఇది. పూర్వపు రాజులు తుఫానుకి చిక్కి ఒడ్డున పడ్డ ఓడల్లోంచి బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవారు. ప్రాణం కంటే ధనమే గొప్పదనుకుని సముద్రం మీదికి వచ్చిన వాళ్ల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, మేము న్యాయమైన సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నాం. సుంకం ముప్పైలో ఒక వంతు. కింద గంధం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, మిరియాలు అంటూ సరుకుల పట్టీ. లెక్కల పట్టీకి ముందు దయ అన్న మాట చెక్కించిన రాజు మీద నాకు ఎంతో గౌరవం కలిగింది. తర్వాత 1358లో కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా ఇక్కడి వర్తకులకు రాయితీలు ఇస్తూ శాసనం వేయించాడు.

తిరిగి ఒడ్డుకి వస్తే పెద్దాయన ఇంకా వల దగ్గరే ఉన్నాడు. రాయి మీద ఏముందని అడిగితే చెప్పాను. చేయి ఆపి విన్నాడు.

"సరుకంతా వాళ్లకే ఇచ్చేశాడా?"

"సుంకం పోను అంతా, తాతా."

"ఆ రాజుది ఏ ఊరు?"

"ఓరుగల్లు."

"అంత దూరమా!" అని పగిలిన పడవ వైపు చూశాడు. "సముద్రం చూసే ఉంటాడమ్మా."